పెరటి స్నానం

అత్తగారు బుజ్జమ్మ ఇడ్లీ పళ్ళెం పక్కకు నెట్టేసేసరికి రామతులసికి ప్రాణం ఉసూరుమంది. పాలకొల్లులో పళ్ళ డాక్టరు గారి దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే తంతు. సాయంత్రం రాగానే పెరట్లో తలస్నానం చేస్తే గానీ వంటింటి గడప తొక్కకూడదు. ముసురు పట్టినా సరే, రోజంతా నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నా సరే. భర్త అశోక్‌తో మొరపెట్టుకుంటే, "అమ్మ సంగతి తెలుసుగా, సర్దుకుపో" అంటాడు. సర్దుకునీ సర్దుకునీ ఆమెకు ఓపిక అయిపోయింది.

"రాత్రీ తినలేదు మీరు. స్నానం చేసి వండినా నా చేతి వంట సయించట్లేదాండీ?"

"ఊళ్ళోవాళ్ళ ఎంగిలి..." అని ఏదో అనబోయి బుజ్జమ్మ చెంప పట్టుకుంది.

"గ్లౌజులు వేసుకునే కదండీ చేస్తాను. ఇంకేం చేయమంటారు? మానేయమంటే మానేస్తాను."

బుజ్జమ్మ చెంప మీది చెయ్యి దించలేదు. క్లినిక్ బెంచీ మీద అలా కూర్చునేవాళ్ళను రామతులసి రోజూ చూస్తుంది. దగ్గరికెళ్ళి ఆ చెయ్యి తీసి చూస్తే దవడ వాచి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి? చెప్పలేదేం అత్తయ్యగారూ?"

బుజ్జమ్మ కళ్ళు నిండాయి. "చెబితే అక్కడికే తీసుకెళ్తావు. నా నోట్లో చెయ్యి నువ్వే పెట్టాలి. నిన్ను అన్నేసి మాటలని, ఇప్పుడు నా ఎంగిలి నీ చేత తుడిపించుకోనా?"

రామతులసి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆటో పిలిచింది.

డాక్టరు గారు పన్ను తీస్తున్నంతసేపూ ఆమె గొట్టంతో ఉమ్మి, నెత్తురు లాగేస్తూ, కారినదాన్ని దూదితో తుడుస్తూనే ఉంది. బుజ్జమ్మ కోడలి కొంగు వదల్లేదు. పనయ్యాక అశోక్ వచ్చి తల్లిని ఇంటికి తీసుకెళ్ళాడు. రామతులసి మాత్రం మిగతా పేషెంట్లను చూసుకుని, ఎప్పటిలాగే సాయంత్రానికి ఇల్లు చేరింది.

అత్తగారు మంచం మీద నీరసంగా పడుకుని ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. రామతులసి బ్యాగు పక్కన పడేసి, చేతులు కడుక్కుని, మెత్తటి అన్నంలో చల్లటి పాలు పోసి పిసికి తెచ్చింది. ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళాక గుర్తొచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, స్నానం చేయలేదండీ. అలసటలో మరిచిపోయాను. ఇప్పుడే పోసుకొస్తాను."

లేవబోతుంటే బుజ్జమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆకలేస్తోందే. పెట్టు."

అని, పొద్దున క్లినిక్ కుర్చీలో తెరిచినట్టే నోరు తెరిచింది. రామతులసి కళ్ళు భుజానికి తుడుచుకుని ముద్ద పెట్టింది.