తూనీగ చేతిలో వైర్లు

"ఈసారి నువ్వు కాపాడాల్సింది మంత్రిని కాదు, మట్టిని," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ నవ్వబోయి, చీఫ్ మొహం చూసి మానుకున్నాడు.

స్క్రీన్ మీద నల్లటి చిత్తడి నేల. వేల ఏళ్లుగా నీళ్లలో కుళ్లకుండా పేరుకున్న నాచు, ఆకులు. గాలిలోంచి అవి పీల్చుకున్న కార్బన్ అంతా అక్కడే భద్రంగా ఉంది.

"కింద ఖనిజం ఉంది. దానికోసం ఒక విదేశీ ముఠా నీళ్లను ఆపుతున్న గట్టు పేల్చి నేలను ఎండగట్టబోతోంది. నేల ఎండిందా, నిప్పంటుకుని ఏళ్ల తరబడి పొగ కక్కుతుంది. వాళ్ల గ్లామర్ క్వీన్ తూనీగ నిజానికి మన మనిషే. వెళ్లు."

డేగ పేలుడు టెక్నీషియన్ వేషంలో ముఠాలో చేరాడు. పెన్నులో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో బాంబు పెట్టే చోటు హెడ్‌క్వార్టర్స్‌కి పంపాడు. ఆ సిగ్నల్ ముఠా స్కానర్‌కి చిక్కింది.

ముఠా నాయకుడు డేగ నుదుటికి పిస్టల్ ఆనించాడు. "ఎవడ్రా పంపింది?"

డేగ పక్కనే ఉన్న తూనీగ వైపు వేలు చూపించాడు. "నేను కాదు. ఆవిడ."

తూనీగ నల్లకళ్లద్దాలు తీసి అతని వంక ఒక్కసారి చూసింది. కాదనలేదు. ఆమెని ఈడ్చుకెళ్లి గట్టు మీది పంప్‌హౌస్‌లో, బాంబు పక్కనే కట్టిపడేశారు.

'మిషన్ కోసమే చేశాను,' అనుకున్నాడు డేగ. ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

టైమర్ ఆన్ చేసి ముఠా జీపులెక్కింది. డేగ వెనక సీటులోంచి దూకి గట్టు మీదికి పరిగెత్తాడు. బుల్లెట్లు చెవి పక్కనుంచి దూసుకుపోయాయి. పంప్‌హౌస్ తలుపు ఒక్క తన్నుతో తెరిచాడు.

తూనీగ అప్పటికే హెయిర్‌పిన్‌తో కట్లు విప్పుకుని బాంబు ముందు కూర్చుంది.

"ఎర్ర వైరా, నీలందా?" రొప్పుతూ అడిగాడు.

"నామీద చాడీ చెప్పేముందు అడిగావా? నోర్మూసుకుని ఈ రెండూ పట్టుకో."

పట్టుకున్నాడు. ఆమె నీలం వైరు తెంపింది. టైమర్ చివరి సెకను మీద ఆగిపోయింది. బయట కమాండోలు జీపులను చుట్టుముట్టారు. గట్టు వెనక నీళ్లు కదలకుండా నిలిచాయి.

"నన్ను క్షమించు. మిషన్ కోసం..."

"అబద్ధం. ప్రాణం కోసం. అలా ఒప్పుకునుంటే క్షమించేదాన్నేమో."

డేగ చేతిలోని వైర్లు కింద పెట్టాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! మెడల్ ఖాయం."

"అది తూనీగకివ్వండి సార్."

"ఆవిడ మెడల్ వద్దంది. నీకు ఆ గట్టు మీద కాపలా డ్యూటీ వేయమంది. వేశాను."

"ఎన్నాళ్లు సార్?"

"ఆవిడ కోపం తగ్గేదాకా."

"అయితే నా పెన్షన్ కూడా ఇక్కడికే పంపండి సార్," అన్నాడు డేగ.