తలూపే సార్

స్టాఫ్ మీటింగులో సతీష్ తలూపగానే గోపికకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఉదయమే, పెద్దారవీడు నుంచి మార్కాపురం వచ్చే బస్సులో, ఆమె అదే తలను నమ్ముకుంది. "తెలుగు పీరియడ్లు సగానికి కోసి మీ మ్యాథ్స్‌కు ఇస్తారంట సార్. వద్దని నాతోపాటు మీరూ చెప్తారా?" అంటే, ముందు సీటుకు తగిలేంత జోరుగా ఊపాడు.

మధ్యాహ్నం కరస్పాండెంట్, "తెలుగుదేముంది, ఇంట్లో మాట్లాడుకుంటారు కదా! ఏమంటారు సతీష్ సార్?" అన్నాడు. అదే తల. అంతే జోరు.

తెలుగు పీరియడ్లు సగం పోయాయి.

సాయంత్రం బడి వదిలేసరికి వాన. బస్టాండు దారిలో ఇద్దరూ ఒకే పలకల దుకాణం రేకుల కింద ఇరుక్కున్నారు.

"కోపమొచ్చిందా మేడం?"

"ఛఛ. ఒక డౌటు చెప్పండి. తలూపడం, తల పంకించడం, తలాడించడం. తేడా ఏంది?"

"మూడూ ఒకటే కదా. సిననిమ్స్."

"పరీక్షలో రాసుకునేందుకు ఒకటే. మనసొప్పి ఊపితే తలూపడం. ఎదుటి మాట తూకమేసి, నిజమేనని తోచి, నిదానంగా ఊపితే పంకించడం. మెడ ఉంది గదా అని ఊపితే తలాడించడం. మీది మూడోది."

సతీష్ తలూపాడు.

"మళ్ళా చూడు! మా దొడ్డిలో పొట్టేళ్ళు నయం సార్. దారి నచ్చకపోతే మెడ బిగబట్టి నిలబడతాయి."

అతను నవ్వాడు. వాన జల్లుకు జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. నవ్వు బాగుందని గోపిక గమనించింది. గమనించినందుకు తన మీద తనే విసుక్కుంది.

ఆ తర్వాత ఒకరోజు అతని క్లాసు పక్కగా పోతూ ఆగింది. లెక్కలంటే వణికే పిల్ల ఒకతి బోర్డు ముందు నిలబడి తప్పు మీద తప్పు చెబుతోంది. సతీష్ ఊకొడుతున్నట్టు మెల్లగా తలూపుతూనే ఉన్నాడు. ఆ ఊపు చూసి పిల్లకు ధైర్యమొచ్చింది. తన తప్పు తనే దిద్దుకుంది. ఆ పూట నుంచి గోపిక బస్సులో తన పక్క సీట్లో బ్యాగు పెట్టడం మానేసింది.

పక్క సీటు కబుర్లతో నిండిపోయింది. వెటకారం ఆమెది, నవ్వు అతనిది. సంసారం కూడా ఇట్లాగే ఉంటుందేమోనని ఆమె ఊహించుకోవడం మొదలుపెట్టిన సోమవారం, అతను వాడిన మొహంతో బస్సెక్కాడు.

"నిన్న కంభంలో పెండ్లిచూపులకు పోయినాం మేడం. మా నాయన, 'పిల్ల నచ్చిందా?' అన్నాడు."

"ఏమన్నారు?"

సతీష్ మెడ తడుముకున్నాడు.

"ఊపినారా?"

"అందరూ నన్నే చూస్తుండారు... భయమేసింది. నాకు ఇష్టమైంది మీరు మేడం."

గోపిక గుండె ఒక్కసారి ఎగిరింది. ఆ వెంటనే మండింది.

"బలే చెప్పినావు! ప్రేమ చెప్పే నోరు నా దగ్గర, ఊపే తల మీ నాయన దగ్గరా? నీ ఊపు నమ్ముకొని ఆ పిల్ల చీరలు ఎంచుకుంటా ఉంటాది. సిగ్గులేదా?"

దిగాల్సిన స్టాపు రాకముందే బస్సు ఆపించి దిగిపోయింది. బడి దాకా నడుస్తూ, దుమ్ము పడిందని ఎవరికీ చెప్పకుండానే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు సతీష్ బడికి రాలేదు. సాయంత్రం గోపిక వాళ్ళ గొర్రెల దొడ్డి దగ్గర ఆటో ఆగింది. ముందు అతని తండ్రి కృష్ణయ్య, వెనక తల్లి రాఘవమ్మ, చివర సతీష్ దిగారు.

"నా కొడుకు పుట్టినకాణ్ణుంచి నాకు ఎదురు చెప్పలా," అన్నాడు కృష్ణయ్య, వాల్చిన మంచంలో రాఘవమ్మ కూర్చున్నా తను కూర్చోకుండానే. "నిన్న చెప్పినాడు. ఎవురు నేర్పించినారో చూసిపోదామని వచ్చినా."

"కంభం వాళ్ళకు?" గోపిక సతీష్‌నే అడిగింది.

"పొద్దున నేనే పోయి చెప్పొచ్చినా. మజ్జిగ ఇచ్చినారు. మాట విని, సగం తాగిన గ్లాసు లాక్కున్నారు. ఆ అమ్మాయి తిట్టిన తిట్లు మీ తిట్లకంటే బాగున్నాయి."

గోపికకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆమె తండ్రి గంగయ్య కూతురి వైపు చూశాడు. "ఏమ్మా, ఏమంటావు?"

"నాకు ఇష్టమే నాయనా. ఉద్యోగం మాత్రం మానను. ఈయన కూడా రేపు నాతో కరస్పాండెంట్ రూముకు వచ్చి తెలుగు పీరియడ్ల కోసం నోరు తెరవాల."

"వస్తా," అన్నాడు సతీష్ గట్టిగా. దొడ్డిలో గొర్రెపిల్లలు బెదిరాయి.

కృష్ణయ్య భార్య వైపు తిరిగాడు. "విన్నావా దీని మాటలు? మనింట్లో ఇట్లాంటివి కుదరవు. పోదాం పద. ఏమంటావ్?"

రాఘవమ్మ లేవలేదు. కొంగు సర్దుకుని మంచంలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

"పెండ్లయినకాణ్ణుంచి నువ్వేమన్నా ఊపతానే ఉండా. వీడు నన్ను చూసే నేర్చుకున్యాడు. నా మెడ నొప్పి పుడతాంది," అంది. "ముహూర్తం తొందరగా పెట్టించు. ఈ పిల్ల మనింటికి రావాల."

కృష్ణయ్య, ఆమెను ఆరోజే మొదటిసారి చూసినవాడిలా, మంచం ఆ చివర కూర్చున్నాడు.