ఎండలో ఒకసారి, వానలో ఒకసారి

"ఇదేనా నువ్వు ఫోన్‌లో చూపించిన రంగు?"

కోమలి గొంతు విని, నిచ్చెన మీదున్న పెయింటరు దిగి టీ అంగడికి వెళ్లిపోయాడు.

మునిచంద్ర గోడవైపు చూశాడు. చిత్తూరులో కూర్చుని కంప్యూటర్‌లో ఇళ్లకు త్రీడీ బొమ్మలు గీసి, రంగులద్ది పంపడం అతని పని. బంగారుపాళ్యంలో కోమలి వాళ్లు కడుతున్న ఇంటికీ అతనే గీశాడు.

"ఇదే కదా! మీగడ తెలుపు."

"నాకు పంపింది తోతాపురి మామిడి కోసినట్టు లేత పసుపు. ఇది సూడు, సున్నం కొట్టినట్టుండాది."

అతను తన ఫోన్ చూపించాడు. అందులోనూ తెలుపే.

"రాత్రికి రాత్రి మార్చేసినావు!"

గోడకు ఇంకో రంగు వేయించుకోవచ్చు. ఆమె భయం గోడ గురించి కాదు. నిన్న అతను, "మీ నాయనతో మన సంగతి మాట్లాడేదా?" అని అడిగాడు. ఈ రోజు చెప్తానంది. పోయినేడు కుదిరిన పెళ్లికొడుకు కూడా వీడియో కాల్‌లో తియ్యగానే నవ్వాడు. ముహూర్తం దాకా వచ్చి, ఒక్క మెసేజ్ పెట్టి మాయమయ్యాడు. అప్పటినుంచి తెరమీద కనిపించే దేన్నీ ఆమె నమ్మదు.

"నీ ఫోన్ ఇట్లియ్యి," అన్నాడు మునిచంద్ర.

"ఎందుకు? దీంట్లో గూడా మార్చేదానికా?"

"నీ చేతిలోనే పెట్టుకో తల్లీ. బొమ్మలో మబ్బుల్ని సూడు."

చూసింది. మబ్బులూ పసుపే.

"మబ్బులకి ఎవడన్నా పసుపు పూస్తాడా? కండ్లు నొప్పి అని తెరని పసుపు చేసే ఫిల్టర్ ఏమన్నా పెట్టినావా?"

కోమలికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంబంధం పోయిన రోజుల్లో ఫోన్ చూసి చూసి ఏడ్చేది. కళ్ల డాక్టరు చెప్తే ఫిల్టర్ పెట్టుకుంది. తీయడం మరిచిపోయింది.

ఇప్పుడు తీసింది. మబ్బులు తెల్లబడ్డాయి. బొమ్మా, గోడా ఒక్కటయ్యాయి.

"పసుపే వేయిస్తాలే," అన్నాడు మునిచంద్ర. "నువ్వు మెచ్చింది దాన్నే కదా."

"అంత మంచితనం ఎందుకో?"

"ఇంకో వారం ఈడికి రావచ్చు."

నవ్వొచ్చింది గానీ బిగబట్టుకుంది. "మా అవ్వ గోడకి జానెడు రంగు పూయించి, ఎండలో ఒకసారి, వానలో ఒకసారి సూసినాకే ఒప్పుకునేది. నిన్నూ అట్లే సూడాల."

"ఎండలో సూసేసినావు గదా!"

ఆ మాట మీదే టపటపా చినుకులు మొదలయ్యాయి. కోమలి వరండాలోకి పరుగెత్తింది. మునిచంద్ర గోడ పక్కనుంచి కదల్లేదు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"పిచ్చా నీకు? ఇట్లా రా!"

"సూడు మరి. రంగు కారిపోతాదేమో."

కోమలి ఫోన్ పక్కన పెట్టి, వట్టి కళ్లతో చూసింది. వాన జోరందుకునేదాకా చూసింది. గోడ అలాగే ఉంది. అతనూ అలాగే ఉన్నాడు.

దండెం మీదున్న నాయన తువ్వాలు తీసి అతని మీదికి విసిరింది.

"నాయన లోపల టైల్స్ సూస్తా ఉండాడు. తల తుడుచుకోని పోయి అడుగు."