చెల్లెలి చేతికందని లివర్

ఉదయం ఏడింటికి జామ్ సీసా మూత రాలేదు. పెద్దాడు దాన్ని కుడిచేత్తో తిప్పాడు, ఎడమచేత్తో తిప్పాడు, ఆఖరికి చొక్కా అంచు చుట్టి మరీ తిప్పాడు. మూత కదల్లేదు సరికదా, వేళ్ళ కణుపుల్లోంచి మోచేతి దాకా జివ్వుమని లాగింది. భార్య చూడకముందే సీసాని అలమరలో పెట్టేశాడు.

"ఉత్త రొట్టె తింటాలే. ఈమధ్య తీపి పడటం లేదు" అన్నాడు.

"నిన్నటిదాకా పడిందిగా" అంది ఆవిడ, కుట్టుమిషన్‌కి దారం ఎక్కిస్తూ. దర్జీ కళ్ళు ఆవిడవి. అరంగుళం తేడా వచ్చినా పట్టేస్తాయి.

అదే సమయానికి పెరట్లో అమ్మ, పెద్దాడి చెల్లెలు చిట్టి చేతులు రెండూ వేడినీళ్ళ బేసిన్‌లో ముంచి, ఒక్కో వేలినీ మెల్లగా సాగదీస్తోంది. నాన్న పోయాక బైకుల రిపేరు షెడ్డు నెత్తినేసుకుని, ఊళ్ళో మగ మెకానిక్‌లందరికీ చెమటలు పట్టించిన మనిషి ఆమె. గ్రీజు వదలని ఆ మొరటు చేతులతో అంత సుతారంగా పట్టుకోవడం ఎక్కడ నేర్చుకుందో మరి.

"తిమ్మిరి తగ్గిందా తల్లీ?"

"ఉంగరం వేలు ఇంకా ముడుచుకునే ఉందమ్మా."

"అలవాటు లేక అంతే. ఆదివారానికి సర్దుకుంటుంది."

ఇదిగో, సరిగ్గా ఇక్కడే కిటికీలోంచి చూస్తున్న పెద్దాడి కడుపు మండింది. మండదా మరి? పన్నెండేళ్ళు, ఇప్పుడు చిట్టి నడిపే డర్ట్ బైక్ మీదే మట్టి ట్రాకుల్లో ఎగిరి దూకినవాడు. ముందుగదిలో ఉన్న తొమ్మిది కప్పులూ వాడివే. ట్రాకులో వాణ్ణి 'పిడుగు' అనేవారు. రెండేళ్ళ క్రితం "బోరు కొట్టింది" అని చెప్పి బండి దిగి, షెడ్డులో స్పేర్ పార్టుల కౌంటర్ వెనక కూర్చున్నాడు. అమ్మ ఆ బండిని చిట్టికి ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి "పిడుగు చెల్లెలు" కాస్తా తనకంటూ పేరు తెచ్చుకుంది, వీడు "చిట్టి వాళ్ళ అన్నయ్య" అయి కూర్చున్నాడు. నిన్నగాక మొన్న నట్లు కొనడానికి వచ్చిన కుర్రాడెవడో అలాగే పిలిస్తే, వాడికి మూడుసార్లు తప్పు సైజు ఇచ్చి పంపాడు.

ఆదివారం సెలక్షన్. పెద్ద రేసింగ్ జట్టు ఒకటి ఈ ప్రాంతం నుంచి ఒకే ఒక్కరిని తీసుకుంటుంది. కొత్త బండి, కోచ్, ఏడాది పొడుగునా పోటీలు. పన్నెండేళ్ళు వీడి గుమ్మం తొక్కని అదృష్టం చెల్లెలి కోసం వెతుక్కుంటూ వచ్చింది.

కాసేపటికి చిట్టి తడిచేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది.

"అన్నయ్యా, ఒకటి అడగనా? గుంతల్లో దిగేటప్పుడు వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. మోచేయి కింద కండ రాయిలా బిగుసుకుంటోంది. నీకూ ఇలాగే ఉండేదా?"

పెద్దాడు ఆమె చేతివంక చూశాడు. పొట్టి వేళ్ళు, అమ్మ వేళ్ళు. ఆ బండి బ్రేకు, క్లచ్ లివర్లు మాత్రం వీడి పొడుగు వేళ్ళకి కొలిచి పెట్టినవి. అమ్మకో పట్టింపు ఉంది. గెలిచిన బండి అమరిక ముట్టుకోకూడదు. ఆయిలు మారుస్తుంది, చైను మారుస్తుంది, హ్యాండిల్ దగ్గర మాత్రం స్క్రూ కూడా కదపదు. అందుకే చిట్టి బ్రేకు పట్టాలంటే వేళ్ళు పూర్తిగా చాచి, కొనలతో లాక్కోవాల్సి వస్తోంది. లివర్ మొదట్లో ఉన్న చిన్న స్క్రూ రెండు చుట్లు తిప్పితే చాలు, లివర్ వేళ్ళకి దగ్గరవుతుంది. ఆ సంగతి వీడికి చూడగానే తెలిసింది. నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"లేదే. నాకెప్పుడూ నొప్పి లేదు" అన్నాడు.

"ఒక్కసారి కూడా?"

"గట్టిగా పట్టుకో. పట్టు చాలక అలా అవుతుంది."

చిట్టి తలూపి వెళ్ళిపోయింది. అబద్ధం చెప్పినందుకు వాడికి కాస్త గుబులు పుట్టిన మాట నిజమే. కానీ దానికంటే ముందు హాయిగా అనిపించింది. ఆ హాయిని మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

శనివారం ఆఖరి ప్రాక్టీసు. స్టాప్‌వాచ్‌తో గట్టు మీద నిలబడింది పెద్దాడే. మొదటి చుట్టు వాడి పాత టైము కంటే నాలుగు సెకన్లు తక్కువ. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది వాడికి. రెండో చుట్టులో దిబ్బ ఎక్కి దిగుతూ చిట్టి ముందు బ్రేకుకి చెయ్యి చాపింది. నాలుగు వేళ్ళూ లివర్ మీంచి జారిపోయాయి. బండి తిన్నగా టైర్ల గోడలోకి వెళ్ళింది.

పరిగెత్తి వెళ్ళేసరికి ఆమె మట్టిలో కూర్చుని చేతిని గుండెకి అదుముకుని ఉంది. ఏడవడం లేదు. "గట్టిగానే పట్టుకున్నానన్నయ్యా" అంది, తప్పు చేసిన పిల్లలా. ఆ మాట వాడికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఎముక విరగలేదన్నాడు డాక్టరు. ఉంగరం వేలి నరం సాగిందట. ఆరు వారాలు బండి ముట్టుకోకూడదట. సెలక్షన్ సంగతి ఇక అడగాల్సిన పనే లేదు.

ఇంటికొచ్చాక అమ్మ కోపం ఆపుకోలేకపోయింది. ఆమెకి భయం వేస్తే కోపంగానే బయటికొస్తుంది.

"నొప్పి ఇంత ముదిరిందని నాకు చెప్పొద్దూ? మీ అన్నయ్య పన్నెండేళ్ళు నడిపాడు. ఒక్కనాడు చెయ్యి నొప్పంటూ మూలిగాడా? నీకు శ్రద్ధ లేదు, అంతే."

చిట్టి తల దించుకుంది. పెద్దాడి భార్య కట్టు కట్టని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, ఎందుకో టేపు తీసి వేళ్ళు కొలిచింది. తర్వాత లేచి వెళ్ళి మొగుడి పాత గ్లోవ్స్ తెచ్చి కొలిచింది.

"అత్తయ్యా, చిట్టి వేళ్ళు ఈయనవాటి కంటే ముప్పావు అంగుళం పొట్టి. నేనైతే ఈయన చొక్కా ఆమెకి తొడగను. మరి ఈయన కొలతకి పెట్టిన లివరు ఆమెకెలా అందుతుంది?"

అమ్మ ఆ గ్లోవ్‌ని చిట్టి చేతి పక్కన పెట్టి చూసింది. ఏళ్ళ తరబడి మెకానిక్ పని చేసిన మనిషి. ఎవరి బండి చప్పుడు విన్నా రోగం చెప్పేస్తుంది. ఇంట్లో బండి దగ్గరికొచ్చేసరికి పట్టింపు కళ్ళకి గంతలు కట్టింది.

"ఏమండీ, మీరు రోజూ చూస్తున్నారుగా" అంది భార్య. "మీకూ తెలియలేదా?"

తప్పించుకోవచ్చు. తెలియలేదంటే సరిపోయేది. కానీ మట్టిలో కూర్చున్న పిల్ల మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"తెలుసు" అన్నాడు. "మొన్న అడిగినప్పుడే తెలుసు. కావాలనే చెప్పలేదు."

"ఎందుకురా?" అంది అమ్మ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది వాడికి.

"కుళ్ళు అమ్మా. ఇంకో పేరు పెట్టడం నా వల్ల కాదు. నా బండి, నా పేరు, నా టైము, అన్నీ దానివైపోయాయి. నువ్వు దాని వేళ్ళు వేడినీళ్ళలో పట్టుకుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా చేతులు ఏనాడూ అలా పట్టుకోలేదు నువ్వు."

"నువ్వు నొప్పని చెబితేగా."

"చెప్పలేదు. చెబితే బండి దింపేస్తావని భయం." వాడు రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. వేళ్ళు సగం దాకా తెరుచుకుని ఆగిపోయాయి. "బోరు కొట్టి మానలేదు. క్లచ్ నొక్కలేక మానేశాను. నాలుగేళ్ళ బట్టీ ఇంతే."

కొడుకు కౌంటర్ వెనక కూర్చోవడం బద్ధకం అనుకుని ఎన్నిసార్లు సాధించిందో అమ్మకి గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య మాత్రం "చొక్కా గుండీలు నన్ను పెట్టమన్నప్పుడే అనుకున్నాను" అని గొణిగి మొహం పక్కకి తిప్పుకుంది.

చిట్టి లేచి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా పడేవాడే.

"నీకు నొప్పి లేదన్నావు కదా" అంది ఆమె. "పన్నెండేళ్ళు లేదట, నాకు ఏడాదికే వచ్చిందంటే నేనే పనికిరాననుకున్నాను. దిండులో మొహం పెట్టుకుని ఎంత ఏడ్చానో తెలుసా? సెలక్షన్ పోయినందుకు కాదన్నయ్యా నాకు కోపం. అది మళ్ళీ ఏడాది వస్తుంది. నాకూ ఉండేదే అని ఒక్కమాట అనుంటే నా నొప్పి సగం తగ్గిపోయేది."

పెద్దాడు బల్లకి నుదురానించి భోరున ఏడ్చాడు. పెళ్ళయ్యాక వాడు ఏడవడం భార్య చూడటం అదే మొదలు.

చిట్టి కోపం తగ్గలేదు. మొహం ఇంకా ఎర్రగానే ఉంది. అయినా కుర్చీ లాక్కుని వాడి పక్కనే కూర్చుంది. ముడుచుకుపోయిన వాడి వేళ్ళ కింద, దెబ్బ తగలని తన ఎడమచెయ్యి దూర్చింది.

"ఎక్కడ నొప్పి?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదు. వాడే ఎవరినీ అడగనివ్వలేదు.

"ఇక్కడ" అని చూపించాడు పెద్దాడు.