రాక్షసుడి కూటికుండ మీద నీలిగీతలు

సింగారగిరి రాజ్యంలో బట్టల మీది బొమ్మలు చూడ్డానికి దూరదేశాల వాళ్లు వచ్చేవారు. కరిగించిన మైనంతో గుడ్డ మీద బొమ్మ గీసి, రంగులో ముంచి, ఆపైన వేడినీళ్లలో మైనం కరిగించేవారు. మైనం ఉన్నచోట రంగు అంటదు కాబట్టి తెల్లని నెమళ్లు, చేపలు, తీగలు బయటపడేవి. దాన్నే మనం బాతిక్ అద్దకం అంటున్నాం.

ఆ రాజ్యాన్నేలే కంపరాజుకు ఒక పిచ్చి ఉండేది. అంత అందం తనకు తప్ప ఇంకెవరికీ ఉండకూడదట. బొమ్మలున్న బట్టలన్నీ తెప్పించి భోషాణాల్లో పెట్టి తాళాలు వేయించాడు. మైనం పగిలి, ఆ సందులో రంగు దిగి, సన్నని గీత పడినా సరే, ఆ గుడ్డను తగలబెట్టించేవాడు.

ఒకనాడు భోషాణాలు తెరిస్తే బట్టలన్నీ తెల్లగా ఉన్నాయి. బొమ్మలు లేవు. అదే ఉదయం, వాటిని గీసిన ఓబులమ్మ చేతులు మైనంలా బిగుసుకుపోయాయి. ఆ బిగువు గుండెదాకా పాకితే మనిషి దక్కదనీ, బొమ్మలు తిరిగొస్తే తప్ప మందు లేదనీ రాజవైద్యుడు తేల్చేశాడు.

ఓబులమ్మకు ఉన్నది మనవరాలు నాంచారి ఒక్కతే. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లను ఆ చేతులే పెంచాయి.

"నేను పోయి తెస్తా అవ్వా," అంది నాంచారి.

"పోయిరా తల్లీ. ఎవరేమిచ్చినా దండం పెట్టడం మాత్రం మర్చిపోవాకు," అంది ఓబులమ్మ. తేనెటీగలకూ నిప్పుకూ నీళ్లకూ దండం పెట్టాకే పని మొదలుపెట్టడం ఆ ఇంటి ఆచారం.

నాంచారి మైనంతో బొమ్మలు గీసే రాగి గంటం, నీలిమందు ముద్ద, ఇంత బెల్లం మూటగట్టుకుని అడవిలోకి నడిచింది. ఇంట్లో మైనం నిండుకుంది. ఓ మద్దిచెట్టుకు పెద్ద తేనెపట్టు కనబడితే, దాని కింద బెల్లం పెట్టి చేతులు జోడించింది. ఈగలన్నీ వచ్చి ఆమె ఒంటిమీద వాలాయి. నాంచారి కదల్లేదు.

"అడిగి తీసుకునేవాళ్లు వచ్చి ఎన్నాళ్లయిందో," అంది రాణీగ. "పాత పట్టు వదిలేస్తున్నాం, తీసుకో."

ఆ మైనంతో ఏటి ఒడ్డుకు వచ్చేసరికి ఓ ఎలుగుబంటి దారికి అడ్డం నిలిచింది.

"తేనె వాసనొస్తోంది. ఆకలితో ఉన్నాను," అంది. నాంచారి క్షణం తటపటాయించి, మైనంలో సగం విరిచి ఇచ్చింది. ఎలుగు దాన్ని నమిలి, ఆమెను వీపున ఎక్కించుకుని ఏరు దాటించింది. బొమ్మలు గండశిలుడనే రాక్షసుడి గుహవైపు ఎగిరిపోవడం తన కళ్లతో చూశానని చెప్పింది.

గుహ గోడల నిండా నెమళ్లూ చేపలూ తీగలూ కదులుతున్నాయి. మధ్యలో కొండంత గండశిలుడు గంజి తాగుతున్నాడు.

"నేను దొంగిలించలేదు," అన్నాడు నాంచారిని చూడగానే. "భోషాణాల్లో ఊపిరాడక వాటంతట అవే వచ్చాయి. ఎందుకు పంపాలి?"

"అవి రాకుంటే మా అవ్వ బతకదు సామీ."

రాక్షసుడు తన కూటికుండ ఖాళీ చేసి ముందుకు తోశాడు. "నేను రోజూ పట్టుకునేది దీన్ని. గుడ్డకోసం పుట్టామంటూ ఒక్క బొమ్మా దీనిమీదికి రాదు. నువ్వు దీనిమీద ఎవరూ చూడని బొమ్మ వెయ్యి. వీటిని తీసుకుపో."

నాంచారి తామర అనుకుంది. అది గోడమీద ఉంది. హంస అనుకుంది. అదీ ఉంది. ముందు కుండంతా మైనం పూసి, తట్టిన బొమ్మను గంటంతో గీకుదామని ఉన్నదంతా కరిగించి పూసేసింది. తొందరగా గట్టిపడాలని చల్లని సెలయేట్లో ముంచింది. మైనం పటపటా పగిలిపోయింది.

మళ్లీ పూయడానికి మైనం లేదు. అవ్వ చేతులు గుర్తొచ్చి నాంచారి వెక్కివెక్కి ఏడ్చింది. కానీ ఈగలిచ్చిన మైనాన్ని ఊరికే పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. నీళ్లకు దండం పెట్టి, కుండను నీలిరంగులో ముంచి, వేడినీళ్లు పోసింది.

మైనం కరిగింది. కుండంతా సన్నని నీలిగీతలు, అవ్వ అరచేతిలోని గీతల్లా అల్లుకుని ఉన్నాయి.

గండశిలుడు కుండను తిప్పితిప్పి చూశాడు. "ఇది నా గోడమీద లేదు," అన్నాడు. "నాకంటూ ఎవరూ ఏదీ చేసివ్వలేదమ్మా ఇన్నాళ్లూ."

ఆ కుండ అందం చూశాక గోడమీది బొమ్మలకు ఆశ పుట్టింది. గరిటెల మీదికీ పీటల మీదికీ రావడానికి అవీ సిద్ధమయ్యాయి. భోషాణాల్లోకి మాత్రం పోనే పోమన్నాయి. నాంచారి సరేనని వాటిని కొంగులో మూటగట్టుకుంది. గండశిలుడు ఆమెను భుజాన కూర్చోబెట్టుకుని పరుగున ఊరి పొలిమేరలో దించాడు.

ఇంట్లో మూట విప్పగానే చేప నీళ్లచెంబు ఎక్కింది. తీగ ఉయ్యాల చుట్టుకుంది. నెమలి చేట మీద పురివిప్పింది. భుజాల దాకా పాకిన ఓబులమ్మ చేతుల బిగువు మైనంలా చిటచిటా పగిలింది. నాంచారి గోరువెచ్చని నీళ్లు పోసింది. అవ్వ వేళ్లు మెల్లగా కదిలాయి.

బొమ్మలు తిరిగొచ్చాయని విని కంపరాజు పరుగెత్తుకొచ్చాడు. దాహమని ఆ చేప చెంబుతో నీళ్లు తాగి, చెంబును చాలాసేపు వదల్లేదు. "ఇన్నాళ్లూ తాళాలేసి నేనేం చూశానమ్మా?" అంటూ తాళంచెవులన్నీ నాంచారి చేతిలో పెట్టాడు. పగుళ్లున్న గుడ్డలను తగలబెట్టడం ఆనాటితో ఆగిపోయింది.

నాంచారి పెద్దదై ఆ రాజ్యపు చిత్రశాలలను ఏలింది. ఏటా ఈగలకు బెల్లం, ఎలుగుకు తేనె, గండశిలుడికి కొత్త కుండ తీసుకెళ్లేది. కానీ రాజు తాళంచెవులిచ్చిన ఆ రోజు మాత్రం ఆమె వాటిని పక్కన పడేసి, అవ్వ ముందు చతికిలబడి తల వంచింది. ఓబులమ్మ చేతినిండా నూనె తీసుకుని, చిక్కుపడిన ఆ జుట్టు నెమ్మదిగా విడదీసి జడ వేసింది.