మంత్లీ ప్లాన్

“నీ ప్రేమ కూడా మంత్లీ ప్లానే హీరా. తేదీ రాగానే ‘వచ్చే నెల’ అంటావు, అంతే.”

భద్రాచలంలో దవాఖానా ముందున్న టీ బండి దగ్గర నాగలత అన్న మాట అది. డ్యూటీ దిగి వచ్చిన నర్సుకు గొడవపడే ఓపిక కూడా ఉండదు. అందుకే నెమ్మదిగా అంది. అరిచినా బాగుండేదనిపించింది హీరాలాల్‌కు.

“గట్ల కాదు లతా. అమ్మకు చెప్పాలంటే నోరు వస్తలేదు.”

“మా నాన్నకు చెప్పడానికి నాకు వచ్చిందిగా? మీ పెద్దవాళ్ళు వచ్చి అడిగితే చూద్దామన్నాడు. పెనుబల్లి పిచ్చయ్య నోట ఆ మాట రావడమే గొప్ప. ఎన్నాళ్ళు నిలుస్తుందో!”

చినుకులు పడుతున్నా ఇద్దరూ కాసేపు లేవలేదు. తర్వాత ఆమె హాస్టల్‌కు, అతను మణుగూరు బస్సుకు నడిచారు.

హీరాలాల్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఇద్దరి షిఫ్టులూ కలిసి చావవు. కలిసేది హీరాలాల్ నెలనెలా డబ్బు కట్టే సినిమాల యాప్‌లో మాత్రమే. ఇద్దరికీ ఒకటే అకౌంట్. అది ఒకసారికి ఒక్క ఫోన్‌లోనే నడుస్తుంది. అతను తెరవగానే ‘వేరే ఫోన్‌లో చూస్తున్నారు’ అని వస్తే లత క్షేమంగా గదికి చేరినట్టు. ఇక ఫోన్ పక్కన పెట్టి నిద్రపోతాడు. ఆమెదీ అదే పద్ధతి. ఇద్దరూ ఒక్క సినిమా అయినా పూర్తిగా చూసిన పాపాన పోలేదు.

ఆ వారంలోనే నాగలత యాప్ తెరిస్తే పైన ఇలా ఉంది: ‘మీ మంత్లీ ప్లాన్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది.’

హీరా డబ్బు కట్టడం ఆపేశాడనుకుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గనిలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరని తెలుసు, అయినా కోపం ఆగలేదు. యూనిఫాం కూడా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

మరునాడు డ్యూటీ దిగేసరికి టీ బండి దగ్గర హీరాలాల్ ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చెవుల వెనక బొగ్గు దుమ్ము కూడా పోలేదు.

“దేనికొచ్చావు? ప్లాన్ తీసేశావుగా!”

“తీసేసుడేంది? మొత్తం చదివినవా? కిందికి జరుపు.”

ఆమె విసురుగా ఫోన్ తీసి జరిపింది. ‘ఒకటో తేదీ నుంచి ఇయర్లీ ప్లాన్ మొదలవుతుంది.’

“నడుస్తున్న నెల అయిపోయినంకనే మారుతదంట. నేనేం జెయ్యాలె?”

నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేక నాగలత బల్ల మీద కూలబడింది. “యాప్‌కి ఏడాది మాటిచ్చావు. మరి నాకు?”

అతను రోడ్డు అవతల ఆగిన ఆటో వైపు చూపించాడు. గిన్నె మూట పట్టుకుని ఒకావిడ దిగుతోంది.

“మా అమ్మ పూలి. నిన్న షిఫ్ట్ దిగి తండాకు పోయి చెప్పేసిన. అక్కడ సిగ్నల్ లేకపాయె. తెల్లారంగనే పెనుబల్లికి, మీ నాయిన కాడికి పోదాం పదమని లేపింది. ముందు నిన్ను చూపిస్త అన్న.”

పూలి వచ్చి నాగలత గడ్డం పట్టుకుని చూసింది.

“ఇంత అలిసిపోయినవేంది బిడ్డా? ఇద్దరూ ఇద్దరే. ముందు జొన్నరొట్టె తిను. మీ నాయినతోని నేను మాట్లాడత. నువ్వు బస్సుల పండుకో.”

నాగలత రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళు నిండాయి.

బస్సు కొత్తగూడెం చేరకముందే ఇద్దరూ పూలికి చెరో పక్కన, చెరో భుజం మీద వాలి నిద్రపోయారు. పూలి ఒక్కతే మేలుకుని, పెనుబల్లిలో ఏం మాట్లాడాలో లోలోపల చెప్పుకుంటూ కూర్చుంది.