చావు లేని శోకం

సిరిసిల్లలో సాలెవాడ చివర పాడుబడ్డ అద్దకం కొట్టు ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అటు పోవాలంటే ఎంతటి మొనగాడికైనా ఇంట్లో ఏదో పని గుర్తొచ్చేది. రజాకార్ల గొడవ అణిగిన మరుసటేడు, పది రోజుల్లోనే దానికి ఆ చెడ్డపేరు వచ్చిందని మా మేనత్త కమలవ్వ చెప్పేది.

రాత్రిపూట లోపల ఒక ఆడగొంతు శోకం పెట్టేది... పీనుగ ముందు కూర్చుని రాగం తీసి ఏడ్చే ఏడుపు. ఆ పది రోజుల్లో ఊళ్లో ఎవరూ చావలేదు. చావు లేకుండా శోకం పెట్టేది మనిషెట్లా అవుతుంది?

ఆ వాడలోనే ఉండే సిద్దిరాములుకూ ఈ సంగతి తెలుసు. కానీ అతనికి నిద్రపట్టక మూడు నెలలైంది. షోలాపూర్ మిల్లు నుంచి వచ్చేసరికే తల్లి దినాలు కూడా అయిపోయాయి. కంట చుక్క రాలలేదు. అయిపోయిన శోకం ఇంట్లో మళ్లీ పెట్టించడం అరిష్టమన్నారు. రాత్రంతా వాడలు తిరిగేవాడు.

ఒక రాత్రి అట్లాగే కొట్టు దాకా వచ్చేశాడు.

"నన్నిడిసి యాడికి పోతివే... నా తల్లీ..."

ఒళ్లు చల్లబడింది. పారిపోదామని వెనక్కి తిరిగి, మళ్లీ ఆగాడు. రాగం సాగుతున్నకొద్దీ భయం పోయి ఏడుపొచ్చింది. తను అనలేని మాట ఎవరో తన బదులు అంటున్నారు, దెయ్యమైతే మాత్రమేం! గోడకు ఆనుకుని తనివితీరా ఏడ్చాడు. ఇంటికి పోయి పొద్దెక్కేదాకా గుర్రుపెట్టాడు.

రెండో రాత్రీ వెళ్లాడు. మూడో రాత్రి కింద వేసుకోవడానికి గోనెసంచి కూడా పట్టుకుపోయాడు. దెయ్యం దగ్గరికి అంత తీరిగ్గా పోయినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నాలుగో రాత్రి పాట సగంలో ఆగిపోయింది. లోపల దగ్గు... తలుపు కిర్రుమంది — ఎవరో బయటికొచ్చారు.

"ఎవల్రా అది?"

"నే... నేను... సిద్దిరాములును."

వెన్నెల్లో చూస్తే — పక్కవాడ కనకవ్వ!

"నువ్వా అవ్వా! మా అవ్వ మీదనా గీ శోకం?" అన్నాడు గుసగుసగా, తల్లిని తలుచుకుని.

"మీ అవ్వకు అప్పుడే ఏడిస్తి గదరా. గిది నా బర్రె మీద. పాము కరిసి సచ్చింది. బర్రెకు శోకమేందని ఇంట్ల అందరు నవ్వుతున్నరు. ఎవలికి చెప్పకు బిడ్డా, నా ఇజ్జత్ పోతది."

సిద్దిరాములు నోరు తెరిచాడు. మూడు రాత్రులు... బర్రె కోసం!

కాసేపు తల గోక్కున్నాడు. మళ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఎవలికి చెప్పనవ్వా. నాకింకా ఏడుపు ఒడువలే... జర ఆపిన కాడికెల్లి అందుకో."